మరి ఎక్కడ తీయాలి సార్?

సెలవు రోజు వస్తే మా మిత్రబృందానికి ఒకటే పని. ఒక పాత కెమెరా, నీళ్ల సీసాలు పట్టుకుని విమానాలు టేకాఫ్ అవుతుంటే ఫొటోలు తీయడానికి బయలుదేరతాం. రన్‌వే మీద పరుగెత్తిన విమానం ముక్కు పైకెత్తి, చక్రాలు నేలను వదిలే ఆ ఒక్క క్షణం కోసం గంటల తరబడి ఎండలో నిలబడతాం. "రోజూ వందల విమానాలు ఎగురుతాయి. అందులో చూసేదేముంది?" అని ఇంట్లో అడుగుతారు.

చూసేది చాలా ఉంది. శంషాబాద్ విమానాశ్రయం సంగతే తీసుకోండి. అక్కడి రన్‌వేలు తూర్పు పడమరలుగా ఉంటాయి. వాటి చివర రాసే 09, 27 అంకెలు దిక్సూచిలోని 90, 270 డిగ్రీలకు గుర్తులు. విమానం గాలికి ఎదురుగా పరుగెత్తితే త్వరగా పైకి లేస్తుంది. అందుకే నైరుతి గాలులు వీచే వానాకాలంలో ఎక్కువగా పడమటి వైపుకు, చలికాలంలో ఎక్కువగా తూర్పు వైపుకు ఎగురుతాయి. భూగోళం పుస్తకంలో బట్టీ పట్టిన రుతుపవనాలు మాకు ఇక్కడే అర్థమయ్యాయి. మధ్యాహ్నం తీసిన ఫొటోల్లో విమానం అలల్లో కదిలినట్టు ఎందుకుంటుందో వక్రీభవనం పాఠం చెప్పింది. ఏటీఆర్ విమానాన్ని సెకనులో వెయ్యో వంతు వేగంతో తీస్తే ప్రొపెల్లర్ ఆగిపోయినట్టు కనిపిస్తుంది. అది తిరుగుతున్నట్టు రావాలంటే షట్టర్ వేగం తగ్గించాలి, చెయ్యి మాత్రం వణకకూడదు.

అసలు ఇబ్బంది వేరే ఉంది. ఒకసారి సెలవుల్లో బంధువుల ఊరు వెళ్లి, అక్కడి విమానాశ్రయం గోడ బయట రోడ్డు పక్కన నిలబడ్డాం. కాపలా ఉన్నాయన వచ్చి, "ఇక్కడ ఫొటోలు తీయొద్దు బాబూ" అన్నారు. కోప్పడలేదు. కెమెరా చూపిస్తే నాలుగైదు ఫొటోలు చూసి, బాగున్నాయని కూడా అన్నారు. "మరి ఎక్కడ తీయాలి సార్?" అని అడిగాం. ఆయన దగ్గర జవాబు లేదు. తప్పు ఆయనది కాదు. ఆ ప్రశ్నకు మన దేశంలో జవాబు దొరకడమే కష్టం.

1937 నాటి ఎయిర్‌క్రాఫ్ట్ రూల్స్‌లోని 13వ నిబంధన ప్రకారం ప్రభుత్వ విమానాశ్రయంలో గానీ, ఎగురుతున్న విమానంలో నుంచి గానీ రాతపూర్వక అనుమతి లేకుండా ఫొటోలు తీయకూడదు. ప్రయాణికులు తమ సీట్లో కూర్చుని ఫొటోలు తీసుకోవచ్చని 2020లో డీజీసీఏ వివరణ ఇచ్చింది. ప్రయాణికుల సంగతి తేలింది. గోడ బయట నిలబడే మాలాంటి వాళ్ల సంగతి తేలలేదు.

భద్రత ముఖ్యం కాదని మేము అనడం లేదు. విశాఖపట్నంలోని ఐఎన్ఎస్ డేగ లాంటి నౌకాదళ స్థావరంలో కెమెరా తీయకూడదనడం సబబే. 2001లో గ్రీస్‌లో ఒక సైనిక విమాన స్థావరం దగ్గర విమానాల వివరాలు రాసుకుంటున్న 12 మంది బ్రిటిష్ వారిని, ఇద్దరు డచ్ వారిని గూఢచారులన్న అనుమానంతో అరెస్టు చేశారు. మరుసటి ఏడాది పైకోర్టు వారిని నిర్దోషులుగా తేల్చింది. సరదా ఎంత దూరం పోవచ్చో అది మాకు పాఠం. ప్రాణభయం కూడా ఉంది. 2017లో సెయింట్ మార్టిన్ దీవిలో రన్‌వే కంచె దగ్గర నిలబడిన ఒక మహిళ, టేకాఫ్ అవుతున్న విమానం ఇంజిన్ల గాలి ధాటికి పడి మరణించారు.

అందుకే మేము అడిగేది విచ్చలవిడి స్వేచ్ఛ కాదు, ఒక చోటు. టోక్యోలోని హనెడా విమానాశ్రయంలో టెర్మినల్ పైనే సందర్శకుల డెక్‌లు ఉన్నాయి. షికాగోలోని ఓహేర్ దగ్గర ఫొటోలు తీసేవాళ్లు స్వచ్ఛంద బృందంగా ఏర్పడి, అనుమానం కలిగించేది ఏదైనా కనిపిస్తే పోలీసులకు చెబుతారు. మనకూ ఇది కొత్త కాదు. ఒకప్పుడు మన విమానాశ్రయాల్లోనూ టికెట్ కొని విమానాలు చూసే గ్యాలరీలు ఉండేవని పెద్దలు చెబుతారు. బేగంపేటలో రెండేళ్లకోసారి జరిగే వింగ్స్ ఇండియా ప్రదర్శనకు సామాన్యులను అనుమతించే రోజుల్లో పిల్లాపాపలతో వచ్చే కుటుంబాలను చూస్తే ఈ ఆసక్తి మా ఒక్కరిదే కాదని తెలుస్తుంది.

పౌర విమానాలు మాత్రమే తిరిగే పెద్ద విమానాశ్రయాల్లో గుర్తింపు కార్డు చూసి, టికెట్ ఇచ్చి, సీసీ కెమెరాల నిఘాలో ఒక గ్యాలరీ నడపవచ్చు. గోడ బయట ఎవరు నిలబడ్డారో తెలియని స్థితి కంటే అదే భద్రతకు మేలు. బడుల నుంచి విద్యార్థులను తీసుకువెళ్లవచ్చు కూడా.

మా వైపు బాధ్యతా ఉంది. వద్దన్న చోట కెమెరా తీయం. కంచె ఎక్కం. డ్రోన్ ఎగరేయం. తినుబండారాలు పారేయం, ఎందుకంటే వాటికోసం వచ్చే పక్షులు ఇంజిన్లలో పడితే ప్రమాదం. ఆ ఫొటోలు చూస్తూ పెరిగిన పిల్లల్లో రేపు ఒకరు పైలట్, ఒకరు ఇంజినీరు కావచ్చు. కాకపోయినా తలెత్తి ఆకాశాన్ని చూడటం నేర్చుకుంటారు. "ఇక్కడ వద్దు" అనే పెద్దలు "అక్కడ తీసుకోండి" అని కూడా చెప్పగలిగే రోజు రావాలన్నదే మా కోరిక.

— పదకొండవ తరగతి విద్యార్థులు