అరువు విషం

కలరా క్రిమిని 1884లో జర్మన్ శాస్త్రవేత్త రాబర్ట్ కాఖ్ కలకత్తాలో వేరుచేసి చూపారు. విబ్రియో కలరే అనే ఆ బ్యాక్టీరియా కలుషిత నీటితో కడుపులోకి చేరుతుందని, సకాలంలో చికిత్స అందకపోతే గంటల్లోనే ప్రాణం తీస్తుందని ఇప్పుడు బడి పిల్లలకు కూడా తెలుసు. చాలామందికి తెలియని సంగతి మరొకటుంది. ఆ ప్రాణాంతక విషం కలరా క్రిమి సొంత ఆస్తి కాదు. ఒక వైరస్ నుంచి అరువు తెచ్చుకున్నది.

అసలు విషం ఒకటుందని తేలడానికే కాఖ్ తర్వాత 75 ఏళ్లు పట్టింది. 1959లో కలకత్తాకు చెందిన శంభునాథ్ దే, కలరా క్రిములను పెంచిన ద్రవంలోంచి క్రిములన్నిటినీ వడకట్టి తీసేసి, మిగిలిన ద్రవాన్ని కుందేలు పేగులోకి ఎక్కించారు. ఒక్క క్రిమి కూడా లేకపోయినా పేగు నీటితో ఉబ్బిపోయింది. ఒంట్లోని నీటిని, లవణాలను పేగులోకి తోడేస్తున్నది క్రిమి వదిలే విషమేనని దానితో రుజువైంది. అమెరికన్ శాస్త్రవేత్త జాషువా లెడర్‌బర్గ్ నోబెల్ బహుమతికి దే పేరును ప్రతిపాదించారు కానీ అది దక్కలేదు. ఆ విషం క్రిమికి ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే శాస్త్రానికి పునాది వేసినవారిలో లెడర్‌బర్గ్ కూడా ఒకరు కావడం విశేషం.

మనుషులకు జన్యువులు తల్లిదండ్రుల నుంచి వస్తాయి. బ్యాక్టీరియాకు ఇరుగుపొరుగు నుంచి కూడా వస్తాయి. ఇందుకు మూడు ప్రధాన మార్గాలున్నాయి. మొదటిది చచ్చిన బ్యాక్టీరియా వదిలిన డీఎన్‌ఏను బతికున్నది తనలోకి తీసుకోవడం. చచ్చిన న్యుమోనియా క్రిముల గుణం బతికున్న సాధు క్రిములకు అంటుకుని, ఎలుకలను చంపడాన్ని 1928లో బ్రిటన్‌లో ఫ్రెడరిక్ గ్రిఫిత్ గమనించారు. రెండోది రెండు బ్యాక్టీరియాలు దగ్గరై నేరుగా డీఎన్‌ఏను అందించుకోవడం. దీన్ని లెడర్‌బర్గ్, ఎడ్వర్డ్ టేటమ్ 1946లో కనుగొన్నారు. ప్లాస్మిడ్‌లనే చిన్న డీఎన్‌ఏ ఉంగరాలు ఎక్కువగా ఈ దారిలోనే చేతులు మారతాయి. మూడోది వైరస్ ద్వారా జరిగే రవాణా. బ్యాక్టీరియాకు సోకే వైరస్‌లను ఫేజ్‌లంటారు. ఒక బ్యాక్టీరియాలో తన నకళ్లు తయారు చేసుకునేటప్పుడు ఫేజ్ ఒక్కోసారి పొరపాటున ఆ బ్యాక్టీరియా జన్యువులనే మూటగట్టుకుని మరోదానిలో దించుతుంది. 1952లో లెడర్‌బర్గ్, ఆయన శిష్యుడు నార్టన్ జిండర్ దీన్ని బయటపెట్టారు. కొన్ని ఫేజ్‌లు బ్యాక్టీరియాను చంపకుండా, తమ జన్యువులను దాని డీఎన్‌ఏలోనే కలిపేసి అక్కడే కాపురం పెడతాయి.

కలరా క్రిమి విషయంలో జరిగింది ఇదే. 1996లో హార్వర్డ్‌లో మాథ్యూ వాల్డర్, జాన్ మెకలానోస్ కలరా విషపు జన్యువు ఒక పోగులాంటి ఫేజ్‌లో ఉందని చూపించారు. పేగులో నిలదొక్కుకోవడానికి కలరా క్రిమి నూగులాంటి సన్నని పోగులను పెంచుకుంటుంది. ఫేజ్ లోపలికి దూరేది వాటిని పట్టుకునే. అందుకే ఈ మార్పిడి ప్రయోగశాల గాజు పాత్రలో కంటే ఎలుక పేగులో మరింత జోరుగా సాగింది. విషం వల్ల విరేచనాలవుతాయి, విరేచనాలతో క్రిములు మళ్లీ నీటిలో కలుస్తాయి, వాటితోపాటు ఫేజ్ జన్యువులూ వ్యాపిస్తాయి. ఈ బేరంలో వైరస్‌కూ బ్యాక్టీరియాకూ లాభమే. నష్టమల్లా రోగికే.

అరువు అక్కడితో ఆగలేదు. 1992లో మద్రాసులో మొదలై కలకత్తాకు, బంగ్లాదేశ్‌కు పాకిన కలరా వైద్యులను కంగు తినిపించింది. అప్పటిదాకా కలరా మహమ్మారులకు కారణం ఓ1 రకం. కొత్తగా వచ్చింది ఓ139. పాత క్రిమే తన పైపొర చక్కెరలను తయారు చేసే జన్యువులను పడేసి, మరో బ్యాక్టీరియా నుంచి వేరే జన్యువులు తెచ్చుకుంది. పాత పొరను గుర్తుపట్టే రోగనిరోధక శక్తి ఉన్న పెద్దవాళ్లు సైతం మంచాన పడ్డారు. ఓ139 క్రిముల్లో ఎస్ఎక్స్‌టీ అనే జన్యువుల మూట కూడా కనిపించింది. సల్ఫా, ట్రైమెథోప్రిమ్, స్ట్రెప్టోమైసిన్ మందులకు లొంగని గుణం ఆ మూటలో ఉంది. కొన్నేళ్లకు ఓ139 వెనకబడి మళ్లీ ఓ1 పైచేయి సాధించింది. ఎస్ఎక్స్‌టీ మాత్రం ఓ1లోకి కూడా చేరింది.

ఇలాంటి మూటలు ఒక జాతికే పరిమితం కావు. 2008లో స్వీడన్‌లో, భారత్‌లో చికిత్స పొంది వెళ్లిన ఒక రోగిలో క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా కనిపించింది. ఆఖరి అస్త్రంగా వాడే కార్బాపెనెమ్ మందులను సైతం ఛేదించే జన్యువు దానిలో ఉంది. అదే రోగి మలంలోని ఈ.కొలిలో కూడా ఆ జన్యువు దొరికింది. దానికి ఎన్‌డీఎం-1 అని న్యూఢిల్లీ పేరు పెట్టడంపై దేశంలో దుమారం రేగింది. పేరు గొడవ కంటే కలవరపెట్టే విషయం 2011లో బయటపడింది. ఢిల్లీలో రోడ్ల పక్కన, వీధుల్లో నిలిచిన నీటి నమూనాలు 171 పరీక్షిస్తే 51లో, కుళాయి నీటి నమూనాలు 50 పరీక్షిస్తే రెండింటిలో ఎన్‌డీఎం-1 జన్యువు ఉంది. దాన్ని మోస్తున్న బ్యాక్టీరియాలో కలరా క్రిమి కూడా ఉంది. ప్రయోగశాలలో ఈ జన్యువు మార్పిడి 30 డిగ్రీల సెల్సియస్ వద్ద చురుగ్గా సాగింది. ఢిల్లీలో ఏటా ఎన్నో నెలల పాటు ఉండే వేడి అది.

యాంటీబయోటిక్‌లు విచ్చలవిడిగా వాడితే మొండి క్రిములు మిగులుతాయన్నది పాత హెచ్చరిక. దానికి మరొకటి జోడించాలి. వాల్డర్ బృందం 2004లో ప్రచురించిన ప్రయోగాల ప్రకారం, సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి మందు డీఎన్‌ఏను దెబ్బతీసినప్పుడు బ్యాక్టీరియా మరమ్మతు కోసం అత్యవసర ఏర్పాట్లు మొదలుపెడుతుంది. అదే అదనుగా ఎస్ఎక్స్‌టీ మూట పక్క బ్యాక్టీరియాలోకి దూకడం ఎన్నో రెట్లు పెరుగుతుంది. అంటే మందు మొండి క్రిములను ఏరి మిగల్చడమే కాదు, మొండితనం పంపిణీని కూడా వేగిరపరుస్తుంది.

ఆ సిప్రోఫ్లాక్సాసినే హైదరాబాద్ దగ్గరి పటాన్‌చెరులో, మందుల కర్మాగారాల మురుగును శుద్ధి చేసి వదిలిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు వెల్లడించారు. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు. ఆ ప్రాంతపు వాగు ఒండ్రులో మొండి జన్యువులు, వాటిని మోసుకెళ్లే డీఎన్‌ఏ ముక్కలు పుష్కలంగా ఉన్నాయని 2011లో మరో అధ్యయనం చెప్పింది. 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ, కర్మాగారాలు వదిలే నీటిలో యాంటీబయోటిక్‌లకు పరిమితులు ప్రతిపాదిస్తూ ముసాయిదా విడుదల చేసింది. 2021 ఆగస్టులో వచ్చిన తుది నోటిఫికేషన్‌లో ఆ పరిమితులు లేవు.

చీటీ లేకుండా మందులు అమ్మవద్దని దుకాణాలకు, కోర్సు మధ్యలో ఆపవద్దని రోగులకు చెప్పడం అవసరమే. కానీ క్రిములు ఇచ్చిపుచ్చుకునే సంత ఆసుపత్రి గదికే పరిమితం కాదు. మురుగు కాలువలో, కర్మాగారపు గొట్టం కింద, పగిలిన తాగునీటి పైపులో కూడా ఆ సంత నడుస్తోంది. కొత్త మందు కనిపెట్టడానికి ఏళ్లు పడతాయి. దానికి విరుగుడు జన్యువు ఒక బ్యాక్టీరియా నుంచి మరోదానికి చేరడానికి నిమిషాలు చాలు. అరువు సొమ్ము బరువు చేటు అంటారు. ఇక్కడ అరువు క్రిములది, చేటు మనుషులది. మురుగునీటి శుద్ధిని పురపాలక సంఘాల పద్దుగా మాత్రమే చూడటం మాని, ప్రజారోగ్యంలో భాగంగా చూస్తే తప్ప ఆ సంతకు అడ్డుకట్ట పడదు.