మెగాపిక్సెళ్ళ మాయ

కెమెరా కొనబోయే మిత్రులు నన్నడిగే మొదటి ప్రశ్న, "ఎన్ని మెగాపిక్సెళ్ళది తీసుకోమంటారు?" అని. ప్రశ్నలోనే దోషమున్నది. దుకాణాలవారు నేర్పిన ప్రశ్న అది.

4×6 అంగుళాల ఫొటోను అంగుళానికి 300 చుక్కల చొప్పున అచ్చు వేయడానికి 1800×1200, అనగా సుమారు 22 లక్షల చుక్కలు చాలును. ఏ4 కాగితమంత బొమ్మకైనా 9 మెగాపిక్సెళ్ళు పట్టవు. పైగా ఈ సంఖ్య రెట్టింపైతే బొమ్మ పొడవు వెడల్పులు పెరిగేది 1.4 రెట్లే. ఇప్పుడు 200 మెగాపిక్సెళ్ళ ఫోన్లని చాటింపు వేస్తున్నారు. అవి మామూలుగా 16 చుక్కలను ఒక్కటిగా కలిపి పన్నెండున్నర మెగాపిక్సెళ్ళ బొమ్మనే చేతిలో పెడతాయి!

అడగవలసినది సెన్సర్ పరిమాణం. వెలుతురును పట్టేది అదే. చిన్న కెమెరాలలో '1/2.3 అంగుళాల సెన్సర్' అని వ్రాస్తారు. లెక్క కడితే 11 మిల్లీమీటర్లు రావాలి; అసలు వస్తువు కర్ణమైనా 8 మిల్లీమీటర్లుండదు. పూర్వపు వీడియో కెమెరా గొట్టాల బయటి వ్యాసాన్ని బట్టి వచ్చిన పేరది. గొట్టం పోయింది, పేరు మిగిలింది. రూఢి పదాలను పాఠం చెప్పినవాణ్ణి కనుక భాషలో దీన్ని క్షమించగలను, బేరంలో క్షమించలేను. ఏపీఎస్-సి అనే రకం సెన్సర్ వైశాల్యం దీనికి దాదాపు 13 రెట్లు. చిన్న మడిలో నారు ఎంత ఒత్తుగా పోసినా మడి పెరుగుతుందా?

ఇక డిజిటల్ జూమ్. అది జూమే కాదు. కటకాలు కదిలి దృశ్యాన్ని దగ్గరకు తెచ్చేది ఆప్టికల్ జూమ్. బొమ్మ నడిమి ముక్కను కత్తిరించి సాగదీసేది డిజిటల్ జూమ్. ఈ రెంటినీ గుణించి పెట్టె మీద ఒకే అంకె వేయడం వంచన కాక మరేమిటి?

నా మాటలో కోపం ధ్వనిస్తే కారణమున్నది. 2009లో మా మేనమామగారి అటక మీది తాళపత్రాలను ఫొటోలు తీయాలని 12 మెగాపిక్సెళ్ళ కెమెరా కొన్నాను. పెట్టె మీద 20 రెట్ల జూమ్ అని ఉన్నది. అందులో కటకానివి 5, మిగిలిన 4 రెట్లు కత్తెరవి. దగ్గరగా పెడితే ఫోకస్ కుదరలేదు. వెనక్కు జరిగి జూమ్ చేశాను. నాలుగు రెట్లు కత్తిరిస్తే చుక్కలలో మిగిలేది పదహారో వంతు, అంటే ముప్పాతిక మెగాపిక్సెల్! గది చీకటిగా ఉన్నదని ఫ్లాష్ కూడా వేశాను. గంటంతో గీసిన గీతలు పక్కవాటు వెలుతురులో నీడ పడి కనిపిస్తాయి, ఎదురు వెలుతురులో చదునైపోతాయి. ఆ పాటి ఇంగితం నాకైనా ఉండవలసింది. తీరా చూస్తే 'ప' ఏదో 'వ' ఏదో తెలియదు.

మళ్ళీ తీద్దామని వెళ్ళేసరికి ఒక వానాకాలం గడిచింది. అటకకు చెదలు పట్టింది.

ఎంత దగ్గరి వస్తువుకు ఫోకస్ కుదురుతుందో, ఐఎస్ఓ పెంచితే బొమ్మ ఎంత ఇసుక చల్లినట్లవుతుందో, ట్రైపాడ్ బిగించే మర ఉన్నదో లేదో దుకాణంలోనే తీసి చూపించమనండి. డిజిటల్ జూమ్‌ను మెనూలో అక్కడే ఆపించండి. విసుక్కుంటే లేచి వచ్చేయండి.

ఆ 84 ఆకుల బొమ్మలూ నా దగ్గర భద్రంగానే ఉన్నాయి. ఇప్పటికి 11 కూడబలుక్కోగలిగాను.