బిడ్డ బరువు తూచేముందు తల్లి బతుకు చూడండి

కాశీబుగ్గలో జీడిపిక్కలు కొట్టే ఒక చెల్లెలు తన మూడు నెలల పసిదాన్ని నా ఒళ్ళో పెట్టింది. నెలలు నిండే పుట్టినా, పుట్టిన రోజు బరువు కిలో ఎనిమిది వందలే. "సరిగా తినలేదని ఆసుపత్రిలో కసిరేరమ్మా. నానేటి సేసీది? కూకుంటే కూలి రాదు కదా" అంది. ఆమె ప్రశ్నకు మనం జవాబు చెప్పాలి.

మాయ ద్వారా అందవలసిన ప్రాణవాయువు, గ్లూకోజు తగ్గితే గర్భంలోని బిడ్డ ఎదుగుదల కుంటుపడుతుంది. అప్పుడు ఆ చిన్ని శరీరం మిగతా అవయవాలకు రక్తం తగ్గించి మెదడుకు మళ్ళించుకుంటుంది. అయినా మెదడు పూర్తిగా క్షేమంగా ఉండదు. మెదడులోని రసాయనాలను బయటినుంచే కొలిచే ఒక రకం ఎమ్మారై పరీక్షల్లో, ఇలాంటి బిడ్డలకు నాడీకణాల ఆరోగ్యాన్ని సూచించే ఎన్-ఎసిటైల్ ఆస్పర్టేట్ తక్కువగా కనిపించింది. పరిస్థితి విషమించిన కొందరిలో, ప్రాణవాయువు చాలనప్పుడు పేరుకునే లాక్టేట్ కూడా కనిపించింది. ఇలా పుట్టిన పిల్లలందరూ వెనకబడతారని కాదు. నేర్చుకోవడంలో ఇబ్బందులు వచ్చే ప్రమాదం ఎక్కువని అర్థం.

కారణం తల్లి తిండి ఒక్కటే కాదు. రక్తహీనత, అధిక రక్తపోటు, మాయలో లోపం, మూత్రపిండాల జబ్బు కూడా కారణాలే. కిడ్నీ జబ్బుతో ఇన్నేళ్ళుగా కుములుతున్న ఉద్దానంలో ఈ చివరిమాట ఎంత బరువైనదో వేరే చెప్పాలా? 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రితో కిడ్నీ పరిశోధనా కేంద్రం ప్రారంభమైంది. ఉద్దానంలోని ప్రతి గర్భిణికీ తొలి నెలల్లోనే రక్తపోటు, మూత్రం, క్రియాటినిన్ పరీక్షలు జరిగితేనే అలాంటి కేంద్రాల ఫలితం గర్భంలోని బిడ్డదాకా అందుతుంది.

ఇక విశ్రాంతి మాట. గర్భిణులకు, బాలింతలకు 6,000 రూపాయలకు తగ్గకుండా ఇవ్వాలని 2013 ఆహార భద్రతా చట్టం చెప్పింది. 2017లో వచ్చిన మాతృవందన పథకం మొదటి కాన్పుకు 5,000 అంది. చట్టం ఇచ్చిన హక్కును పథకం కోసేసింది! కిలోల లెక్కన కూలి తీసుకునే మనిషికి ఆ డబ్బుతో ఎన్నాళ్ళ విశ్రాంతి దొరుకుతుంది?

అందుకే మనం అడగవలసినవి మూడు: కాన్పుకు ముందూ తర్వాతా కూలి నష్టపోని సెలవు, గ్రామంలోనే పరీక్షలు, తల్లిని దోషిగా నిలబెట్టని వైద్యం. ఆ చెల్లెలు తప్పు చేయలేదు. ఆమెకు బాకీ పడింది మనమూ, ప్రభుత్వమూ.