విజయకాలమున క్రీడాభిమాని

ఆపత్కాలమునందే మిత్రుని గుణము తెలియునని పెద్దలు చెప్పుదురు. ఈ మాటనే క్రీడలకు కూడ అన్వయించి, జట్టు ఓడిపోవుచున్నపుడు దానిని విడువక వెన్నంటి యుండువాడే నిజమైన అభిమాని యని పలువురు తలంతురు. ఇది సత్యమే గాని సంపూర్ణసత్యము కాదు. ఓటమికంటె గెలుపే అభిమానికి కఠినమైన పరీక్ష యని నా అభిప్రాయము. జట్టు వరుసగా ఓడుచున్నపుడు మైదానమునకు వచ్చువారు కొలదిమంది. వారు దుఃఖింతురు, ఓర్చుకొందురు, మరల వత్తురు. అంతకంటె వారు చేయవలసినది పెద్దగా ఉండదు. జట్టు వరుసగా గెలుచుచున్నపుడన్ననో, అభిమాని మనస్సులో సంతోషముతోపాటు గర్వము, పక్షపాతము, మరపు అను మూడు దోషములు ప్రవేశించుటకు వీలు కలుగును. ఆ మూడింటిని వాకిటనే ఆపగలిగినవాడు ఉత్తమాభిమాని.

ఈ విషయమును ఫుట్‌బాలు ఆట నాధారముగా చేసికొని విచారింతము.

మొదట అభిమాని ఆనందమును గూర్చి చెప్పవలయును. తన జట్టు గెలుచుచున్న సంవత్సరమున అభిమాని దినచర్యయే మారిపోవును. తెల్లవారగనే వార్తాపత్రికలో ఆటల పుటను ముందుగా తెరచును. ఏ జట్టునకు ఎన్ని పాయింట్లు వచ్చినవో, ఇంకను ఎన్ని ఆటలు మిగిలియున్నవో వ్రేళ్ళపై లెక్కించును. గణితమున వెనుకబడిన బాలుడు సైతము ఈ లెక్కలో పొరపడడు! మొదట గెలిచిననాడు తొడిగికొన్న చొక్కానే ప్రతి ఆటనాడును తొడిగికొనువారు కలరు. పేరైనను తెలియని మనుష్యులు ప్రక్కప్రక్కన నిలిచి, గోలు పడగనే ఒకరినొకరు కౌగిలించుకొందురు. వారి కులమేదో, మతమేదో, వారు ధనికులో పేదలో ఆ క్షణమున ఎవ్వరును అడుగరు. ఇట్టి సంతోషము మానవునకు మేలు చేయునదే. దానిని వ్యర్థమని త్రోసివేయుట నా ఉద్దేశము కాదు.

మన తెలుగునాట ఈ సంతోషమును నిండుగా అనుభవించినవారు హైదరాబాదు నగరవాసులు. 1950వ సంవత్సరము మొదలు 1954వ సంవత్సరము వరకు హైదరాబాదు సిటీ పోలీసు జట్టు బొంబాయిలో జరుగుచుండిన రోవర్స్ కప్పును వరుసగా ఐదుసార్లు గెలిచెను. 1950లోను, మరల 1954లోను ఢిల్లీలో డ్యూరాండ్ కప్పును కూడ తెచ్చెను. ఫుట్‌బాలు అనగనే అందరును కలకత్తా వైపు చూచుచుండిన ఆ దినములలో, హైదరాబాదు పేరు దేశమంతట మారుమ్రోగెను.

ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిచేత ఉపాధ్యాయుడు. అందరును ఆయనను రహీం సాహెబు అని గౌరవముగా పిలుచుచుండిరి. బంతిని తన కాలివద్దనే ఉంచుకొని ఒంటరిగా పరుగెత్తుటకంటె, అందిన వెంటనే దానిని తోడివానికి అందించుట మేలని ఆయన బోధించెను. ఊరక బోధించి ఊరకుండలేదు. బంతిని ఒక్కసారి మాత్రమే తాకి పంపవలెనను నియమముతో కొన్ని పోటీలు, బలము తక్కువైన కాలితోనే తన్నవలెనను నియమముతో మరికొన్ని పోటీలు ఏర్పాటు చేసెను. ఆయన శిక్షణలోనే భారతదేశపు జట్టు 1951లో ఢిల్లీ ఆసియా క్రీడలందు ఇరానును 1–0 తేడాతో ఓడించి స్వర్ణపతకము గెలిచెను. 1956లో మెల్బోర్న్ ఒలింపిక్ క్రీడలందు ఆస్ట్రేలియాను 4–2 తేడాతో ఓడించి, తుదకు నాలుగవ స్థానము నందుకొనెను. 1962లో జకార్తా ఆసియా క్రీడలందు మరల స్వర్ణపతకము గెలిచెను. ఆ మరుసటి సంవత్సరమే, అనగా 1963 జూన్ నెలలో, రహీం సాహెబు కన్నుమూసెను.

ఇట్టి గెలుపును చూచు అభిమానులు రెండు తెగలవారు. ఒక తెగవారి కన్నులకు మెరయుచున్న కప్పు మాత్రమే కనబడును. రెండవ తెగవారికి ఆ కప్పు వెనుకనున్న అభ్యాసము, క్రమశిక్షణ, ఒక ఉపాధ్యాయుని ఆలోచన కూడ కనబడును. మొదటివారు గెలుపును ప్రేమింతురు. రెండవవారు ఆటను ప్రేమింతురు. కప్పు చేజారిన దినమున ఈ రెండు తెగల భేదము బయటపడును. అయితే ఆ భేదమునకు బీజము పడునది కప్పు చేతనున్న దినములలోనే.

ఇక దోషములలో మొదటిది గర్వము. గెలిచిన జట్టు ఆటగాండ్రు మైదానమున చెమటోడ్చి వచ్చి, ఓడినవారితో చేయి కలుపుదురు. గట్టుమీద కూర్చుండి చూచిన అభిమానియో, ఓడినవారిని ఎగతాళి చేయును. పాటుపడినవానికి లేని గర్వము పాటుపడనివానికి ఎట్లు కలిగెను? నిండుకుండ తొణకదను మాట ఇచ్చట జ్ఞాపకము చేసికొనదగినది. ఎదిరిజట్టు గట్టిదైనపుడే మన గెలుపునకు విలువ. దానిని హీనపరచుట మన గెలుపును మనమే హీనపరచుకొనుట కాదా?

ఈ గర్వమును, ఆవేశమును అదుపులో పెట్టనిచో ఎంతటి అనర్థము కలుగునో 1980 ఆగస్టు 16వ తేదీ మనకు చెప్పుచున్నది. ఆనాడు కలకత్తాలోని ఈడెన్ గార్డెన్స్ మైదానమున మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ జట్ల నడుమ ఆట జరుగుచుండగా, ప్రేక్షకుల నడుమ కలహము చెలరేగి, తొక్కిసలాటగా మారి, 16 మంది అభిమానులు మరణించిరి. ఆట చూచి సంతోషింతమని ఇల్లు వెడలినవారు తిరిగి ఇల్లు చేరలేదు. వారి స్మృత్యర్థము ఆ నగరమున ఆ తేదీన రక్తదానము చేయు ఆచారము ఏర్పడినది. ప్రాణము తీసిన ఆవేశము నుండి ప్రాణము నిలుపు ఆచారమును నేర్చికొనిన ఆ నగరము ప్రశంసనీయము. కాని ఆ పాఠము అంత వెలకు నేర్వవలసినది కాదు.

దీనికి భిన్నమైన ఉదాహరణము జకార్తాలో కనబడును. 1962 సెప్టెంబరు 4వ తేదీన స్వర్ణపతకము కొరకు భారత జట్టు దక్షిణ కొరియాతో తలపడెను. ఇజ్రాయేలు, తైవాను దేశములను ఆ క్రీడలకు రానీయకుండుటను మన దేశపు క్రీడాధికారి ఒకరు ఆక్షేపించినందున, అక్కడి ప్రేక్షకులు భారతీయులపై కోపించియుండిరి. మన జట్టు మైదానమున నిలుచునప్పటికి నలుదిక్కుల నుండి హేళనధ్వనులు వినవచ్చెను. అట్టి సమయమున తమ కొరకు చప్పట్లు చరచినవారు పాకిస్తాను హాకీ ఆటగాండ్రని మన ఆటగాండ్రు తరువాత చెప్పుకొనిరి. ఆ పాకిస్తాను జట్టు ఆ క్రీడలలోనే హాకీ స్వర్ణపతకమునకై భారతదేశమును ఓడించిన జట్టు! గెలిచినవాడు ఓడినవానిని మిత్రునిగా చూచుట యన నిదియే. ఆ దినమున మన జట్టు 2–1 తేడాతో గెలిచెను.

రెండవ దోషము పక్షపాతము. గెలుపు కీర్తినంతయు గోలు కొట్టినవానికే కట్టబెట్టుట అభిమానులకు అలవాటు. జకార్తా గెలుపునే చూడుడు. రక్షకస్థానమున ఆడు జర్నైల్ సింగు అంతకుముందు జరిగిన ఆటలో తలకు గాయపడి కుట్లు వేయించుకొనెను. ఆ గాయముతోనే ఆయనను రహీం సాహెబు ముందువరుసలో నిలువగా, గోలు కొట్టి చూపెను. గోలుకీపరు పీటర్ తంగరాజు జ్వరము నుండి లేచి వచ్చి ఆడెను. బంతిని ఆపినవాడు, అందించినవాడు, అడ్డుపడినవాడు లేనిచో, కొట్టినవాడు లేడు. పదునొకండుగురి శ్రమను ఒక్కని పేర వ్రాయుట న్యాయము కాదు. మన యిండ్లలోను ఇట్లే జరుగుచుండును. పండుగనాడు వడ్డించినవారిని మెచ్చుకొని, పొయ్యివద్ద చెమటోడ్చినవారిని మరతుము.

మూడవది మరపు. గెలుపు శాశ్వతమని తలంచి, రేపటిని మరచుట. దీనికి దూరము పోనక్కరలేదు. 2019వ సంవత్సరమున హైదరాబాదు ఎఫ్.సి. అను జట్టు ఏర్పడెను. ఇండియన్ సూపర్ లీగులో మొదటి సంవత్సరము 18 ఆటలలో రెండు మాత్రమే గెలిచి అట్టడుగున నిలిచెను. రెండు సంవత్సరములు తిరుగునప్పటికి ఆ జట్టే దేశమునకు మిన్నయయ్యెను. 2022 మార్చి 20వ తేదీన గోవాలోని ఫటోర్డా మైదానమున కేరళ బ్లాస్టర్స్ జట్టుతో తుదిపోటీ జరిగెను. ఎదిరివారు ముందుగా గోలు కొట్టిరి. ఆట ముగియుటకు కొలది నిమిషములు మాత్రమే ఉండగా సాహిల్ తవోరా దూరము నుండి కొట్టిన బంతి గోలులో పడి సమమయ్యెను. పిమ్మట పెనాల్టీ తన్నులలో గోలుకీపరు లక్ష్మీకాంత్ కట్టిమణి మూడింటిని ఆపగా, హైదరాబాదు 3–1 తేడాతో గెలిచెను. ఎన్నో దశాబ్దముల తరువాత ఫుట్‌బాలులో హైదరాబాదు పేరు మరల దేశమంతట వినబడెను.

అటుపిమ్మట ఏమి జరిగెను? 2023–24లో ఆ జట్టు మరల అట్టడుగునకు జారెను. 2025వ సంవత్సరమున హైదరాబాదును విడిచి ఢిల్లీకి తరలిపోయి వేరొక పేరు దాల్చెను. మూడేండ్ల క్రిందట కప్పు నెత్తిన నగరమునకు ఆ జట్టే లేకుండ పోయెను.

ఇందులో అభిమానుల తప్పేమున్నదని మీరు ప్రశ్నింపవచ్చును. ఆ ప్రశ్న సమంజసమైనదే. జట్టును నడపుటకు ధనము కావలెను, యాజమాన్యము కావలెను. ఆ లెక్కల పుస్తకము అభిమాని చేతిలో ఉండదు. జట్టు తరలిపోయిన నింద అభిమానిపై మోపుట నా అభిప్రాయము కాదు. కాని రైతు సంగతి చూడుడు. వాన కురియుట అతని చేతిలో లేదు. వాన కురిసిన నాడు అదను గుర్తించి విత్తనము చల్లుట మాత్రము అతని చేతిలోనే కలదు. ఊరి బాలురందరును బంతికై ఉవ్విళ్ళూరు గెలుపు సంవత్సరమే ఆటకు అదను. ఆ సంవత్సరమున వీధివీధిన చిన్న జట్లు ఏర్పడి, ఖాళీ స్థలములు ఆటస్థలములుగా నిలిచినచో, తరువాత పెద్ద జట్టు ఉన్నను పోయినను ఆట నిలుచును. టపాకాయలు కాల్చి ఇంటికి పోయినచో, మరునాటికి మిగులునది కాగితపు ముక్కలే.

మరపు మనుష్యుల విషయమున మరింత బాధాకరము. తులసీదాస్ బలరాం సికిందరాబాదు చెంతనున్న అమ్ముగూడలో పుట్టెను. రహీం సాహెబు కంటబడి పైకి వచ్చి, ఒలింపిక్ క్రీడలలో ఆడి, జకార్తాలో స్వర్ణపతకము గెలిచిన జట్టులో నిలిచెను. కలకత్తాలో ఈస్ట్ బెంగాల్ జట్టునకు నాయకుడయ్యెను. బెంగాలులోనే స్థిరపడి 2023 ఫిబ్రవరిలో మరణించెను. ఆయన పేరు మన బాలబాలికలలో ఎందరికి తెలియును? విదేశపు ఆటగాండ్ర పుట్టినదినములు కంఠస్థము చేసినవారికి మన అమ్ముగూడ వీరుని పేరు తెలియకపోవుట విచారకరము.

ఆటలపై ఇంత మమకారము చదువునకు చెరుపు గదా యని తల్లిదండ్రులు కొందరు భయపడుదురు. వారి భయము నిరాధారము కాదు. గంటల తరబడి కూర్చుండి చూచుట, చూచినదానిని గూర్చి వాదులాడుట, తాను మాత్రము బంతిని కాలితో తాకకుండుట – ఇది సోమరితనమునకు మరియొక పేరు. కాని రహీం సాహెబు ఉపాధ్యాయుడన్న సంగతిని మరువరాదు. బలహీనమైన కాలిని అభ్యాసముచే బలపరచవచ్చునని తెలిసికొనిన బాలుడు, తనకు కొరుకుడుపడని పాఠమును కూడ అట్లే సాధింపగలడు. తోడివానికి బంతి అందించుట నేర్చినవాడు, తరగతిలో వెనుకబడిన తోడివానికి లెక్క చెప్పుటకు వెనుదీయడు. అభిమానము ఇట్టి ఫలమిచ్చినచో అది చదువునకు చెరుపు కాదు, చేదోడు.

కావున విద్యార్థులారా! మీ పాఠశాల జట్టు గాని, మీ జిల్లా జట్టు గాని గెలిచిననాడు మనసార సంతోషింపుడు. కాని ఇంటికి పోవుటకు ముందు ఓడినవారి వద్దకు పోయి, బాగుగ ఆడితిరని చెప్పి చేయి కలుపుడు. గోలు కొట్టినవానితోపాటు బంతిని ఆపినవాని పేరును, నేర్పిన గురువు పేరును తెలిసికొనుడు. మరునాటి సాయంకాలము మీరే ఒక బంతి తీసికొని మైదానమునకు పొండు. మీకంటె చిన్నవారిని వెంట తీసికొనిపొండు. మైదానమున రాళ్ళుండిన ఏరివేయుడు. ఎన్నడో ఒకనాడు మీ జట్టు ఓడక మానదు. గెలుపునాడు ఈ విధముగా నడచుకొన్నవారు ఆనాడును మైదానమున ఉందురు. వారిని ఎవరును పిలువనక్కరలేదు.