మోటారు సైకిళ్లు: పూర్తి లైసెన్సు ఆవశ్యకము

పట్టిసీమ రేవునుండి కొవ్వూరు వైపు పోవు ఏటిగట్టు రోడ్డున ఉదయమున నొక గడియ నిలిచి చూచినచో, అరటిగెలలు, పాలక్యానులు, గడ్డిమోపులు, బడిపిల్లలు సమస్తమును మోటారు సైకిళ్లమీదనే సాగిపోవుట కానవచ్చును. వానిని నడపువారిలో అనేకులు పది పదునైదేండ్లనుండి బండి నడపుచున్నవారు. గట్టుమీది ప్రతి మలుపును, ప్రతి గుంటయు వారికి కంఠస్థము. అయినను వారిలో కొందరికి లైసెన్సే లేదు. మరికొందరి జేబులో నున్నది ఎన్నడో గడువు తీరిన ఎల్.ఎల్.ఆర్. కాగితము. అనుభవమునుబట్టి వీరు ఆరితేరినవారు. చట్టమునుబట్టి నేర్చుకొనువారైనను కారు. ఈ వైపరీత్యమును చూచి నవ్వి ఊరకుండుటకు వీలులేదు.

చట్టమేమి చెప్పుచున్నదో ముందు తెలిసికొనవలెను. 1939 నాటి చట్టమునకు బదులుగా వచ్చిన 1988 మోటారు వాహనముల చట్టము ప్రకారము ఎల్.ఎల్.ఆర్.కు ఆరు మాసములే ఆయువు. దానిని పుచ్చుకొని 30 దినములు గడచిన పిమ్మట పరీక్షకు పోవచ్చును. ఈ నడుమ బండికి ముందు వెనుకల తెల్లని పలకపై ఎఱ్ఱని ‘ఎల్’ అక్షరము ఉండవలెను. లైసెన్సు గల యొకడు నేర్పువాడుగా వెంట ఉండవలెను. అట్టివానిని తప్ప మఱెవ్వరిని వెనుక కూర్చుండబెట్టుకొనరాదు. కావున ఎల్.ఎల్.ఆర్. ఉన్నదిగదా యని భార్యాబిడ్డల నెక్కించుకొని వీరభద్రస్వామి దర్శనమునకు బయలుదేరు గృహస్థు, గడువులోపలనే యైనను, నియమము తప్పినవాడే. ఈ సంగతి ఎందరికి తెలియును? లైసెన్సు లేక నడపినవారికి పూర్వము 500 రూపాయలుగా నుండిన జరిమానాను 2019 సవరణ 5,000 చేసినది.

జరిమానా మాట అటుంచుడు. అది ఒకనాటి నష్టము. అసలు ప్రమాదము వేఱొకచోట పొంచియున్నది. 2022లో మనదేశమున రోడ్డు ప్రమాదములందు 1,68,491 మంది మృతిచెందిరి. వారిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్రవాహనములపై నున్నవారే. బండికి ఇన్సూరెన్సు కట్టితిమి గనుక భయములేదని మన రైతు తలంచుచున్నాడు. బండి యజమాని తానే నడపుచు మరణించినచో ఆతని కుటుంబమునకు చేరవలసిన ప్రమాద బీమా మొత్తమును 2018లో 15 లక్షల రూపాయలకు పెంచినారు. కాని ఆ మొత్తము చేతికి రావలెనన్న, ఆతనికి చెల్లుబాటగు లైసెన్సు ఉండవలెను. ఏటేట ప్రీమియము కట్టిన మగడు పోయి, ఆలి ఆ కాగితములు చేతబట్టుకొని తిరుగునాడు, “లైసెన్సు ఏదమ్మా?” అన్న ప్రశ్నకు పదునైదేండ్ల అనుభవము జవాబు కాజాలదు.

ఎదుటివానికి దెబ్బ తగిలినను ఇదే చిక్కు. నేషనల్ ఇన్సూరెన్సు కంపెనీకిని స్వరణ్ సింగునకును నడుమ నడచిన వ్యాజ్యమున సుప్రీము కోర్టు 2004లో ఇచ్చిన తీర్పు ఇందుకు ముఖ్యము. గడువులోపల నున్న ఎల్.ఎల్.ఆర్. కూడ లైసెన్సే యని ఆ తీర్పు అంగీకరించినది. లైసెన్సు లేని సందర్భములలోను కంపెనీ ముందు బాధితునకు సొమ్ము చెల్లించి, పిదప దానిని యజమానినుండి రాబట్టుకొనునట్లు కోర్టులు ఆదేశింపవచ్చునన్నది. బాధితునకు ఇది న్యాయమే. కాని లైసెన్సు లేక నడపిన పేద రైతునకు ఉన్న ఎకరము అమ్ముడుపోవుట అని దీనికర్థము. గడువు తీరిన మఱునాటినుండి ఆ ఎల్.ఎల్.ఆర్. చిత్తుకాగితముతో సమానము.

2019 సెప్టెంబరు 15వ తేదీన కచ్చులూరు వద్ద విహారపు పడవ మునిగి పలువురు జలసమాధియైనప్పుడు, పడవకు అనుమతి యున్నదా, నడపువానికి యోగ్యత యున్నదా యని అడుగనివారు ఈ తీరమున లేరు. ఆ ప్రశ్న న్యాయమైనది. నీటిమీద అడిగిన ప్రశ్నను గట్టుమీద అడుగమేల?

“ఇన్నేండ్లు నడపితిని, నాకింక పరీక్షయా?” అను అభిమానము మనవారిలో మెండు. నెల క్రితము నేర్చిన కుఱ్ఱవాడు కాలు దింపకుండ 8 అంకె చుట్టి వచ్చుచుండగా, పదేండ్ల అనుభవశాలి నడుమ కాలు మోపి తప్పుట కద్దు. ఏలన, గట్టుమీద తిన్నగా వేగముగా పోవుటకు అలవాటుపడినవానికి క్లచ్చి సగము పట్టి నడక వేగమున బండిని నిలుపు నేర్పు మరపునకు వచ్చును. వెనుక బ్రేకు నొక్కటే నమ్ముకొని, ముందు బ్రేకు పట్టిన పడిపోదుమని భయపడువారు పల్లెలలో తక్కువవారు కారు. పొడిరోడ్డుమీద బండిని ఆపు శక్తిలో హెచ్చుపాలు ముందు బ్రేకుదే. రెండును కలిపి నెమ్మదిగా పట్టవలెను. అనుభవము నేర్పుతోపాటు దురభ్యాసములను కూడ పెంచును. పరీక్షలో తప్పిన నామర్దా ఏమియు లేదు. ఏడు దినముల పిమ్మట మరల పోవచ్చును. ఇంగ్లండులో సయితము రెండేండ్లకు చెల్లు ప్రాథమిక శిక్షణ పత్రమును మాటిమాటికి తీసికొనుచు, పూర్తి పరీక్షకు పోక, ‘ఎల్’ పలకతోనే ఏండ్లు గడపువారున్నారు. ఈ బద్ధకము మన సొత్తే కాదు.

అయితే తప్పంతయు నడపువానిపై మోపుట అన్యాయము. రవాణా కార్యాలయములు పట్టణములలో నున్నవి. రోజుకూలితో బ్రదుకువానికి ఎల్.ఎల్.ఆర్.కు ఒక దినము, పరీక్షకొక దినము, తప్పిన మఱియొక దినము పోవును. ఇన్ని దినములు పోగొట్టుకొనలేక బ్రోకరు చేతిలో డబ్బు పోయువాడొకడు, అసలు పోవుటయే మానువాడొకడు. ప్రభుత్వమువారు అప్పుడప్పుడు ఎల్.ఎల్.ఆర్. మేళాలు జరిపి చేతులు దులుపుకొనుచున్నారు. ఆ మేళాలో కాగితము పుచ్చుకొన్నవారిలో ఎందరు ఆరు మాసములలోపల పూర్తి లైసెన్సు పొందిరో విచారించు నాథుడు లేడు. సగము దూరము పడవ నడపి ఏటినడుమ దింపినట్లున్నది ఈ ఉపకారము.

2015-16లో సుమారు ఒక ఏడాదిలో పట్టిసీమ వద్ద 24 పంపులు నిలిపి గోదావరి నీటిని కృష్ణకు మళ్లించిన యంత్రాంగమునకు, బ్రేకు ఇన్‌స్పెక్టరును మాసమునకొక దినము ఇచ్చటికి పంపుట అసాధ్యము కాదు. సున్నముతో 8 అంకె గీయుటకు ఒక బడిమైదానము చాలును. మేళాలో ఎల్.ఎల్.ఆర్. పొందినవారి జాబితాను పంచాయతీకి ఇచ్చి, 30 దినములు నిండిన పిమ్మట అచ్చటనే పరీక్ష జరుపవలెను. పొగాకు, అరటి పనులు ముమ్మరముగా నుండు దినములు వదలి, ఆ తేదీని ముందుగా టముకు వేయింపవలెను. ఈ ఏర్పాటు జరుగువఱకు రైతులు ఊరకుండ పనిలేదు. గడువు తీరిన కాగితము గలవారు నలుగురైదుగురు కలిసి ఒక దినమున బస్సుమీద పోయి క్రొత్త ఎల్.ఎల్.ఆర్. తీసికొని, నెల తిరుగగానే పరీక్షకు హాజరగుట మేలు.