రేడియేషన్ భయం ఎవరి కోసం?

హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ 1998 నవంబరులో ప్రారంభమైంది. అప్పటినుంచీ ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివిన ఆడపిల్లకు ఇంట్లో దొరికే సలహా ఒక్కటే: ఏదో కంప్యూటర్ కోర్సు చేసి మాదాపూర్‌లో ఉద్యోగం చూసుకో. ఆ చుట్టుపక్కలే ఇప్పుడు కాన్సర్‌కు రేడియేషన్ చికిత్స చేసే పెద్ద ఆసుపత్రులు వెలిశాయి. అలాంటి చోట మెడికల్ ఫిజిసిస్టు ఉండి తీరాలి. ఆ చదువు మాట ఎత్తితే మాత్రం, "రేపు పిల్లల్ని కనాల్సినదానివి, రేడియేషన్ జోలికెందుకు?" అంటారు.

ఎంత రేడియేషన్ ఇవ్వాలో డాక్టరు చెబుతారు. ఏ కోణంలో, ఎంతసేపు అన్నది ఫిజిసిస్టు లెక్క. గర్భాశయ ముఖద్వార కాన్సర్‌కు లోపలి నుంచి చికిత్స ఇచ్చేటప్పుడు మూత్రాశయాన్ని కాపాడాలి. ఎడమ రొమ్ముకు ఇచ్చేటప్పుడు గుండెను తప్పించాలి. మన శరీరాల మీద ఇంత సూక్ష్మమైన నిర్ణయాలు జరిగే గదిలోకి మనల్నే రావద్దంటున్నారు!

ఎమ్మెస్సీ ఫిజిక్స్ తర్వాత బార్క్‌లో ఏడాది డిప్లొమా, లేదా నేరుగా ఎమ్మెస్సీ మెడికల్ ఫిజిక్స్. ఆపైన ఏడాది ఇంటర్న్‌షిప్. అంటే చదువు ముగిసేది సరిగ్గా పెళ్ళి ఒత్తిడి ముదిరే వయసులో. రేడియేషన్ భయం ఆ ఒత్తిడికి శాస్త్రీయమైన ముసుగు తొడుగుతుంది.

భయం పూర్తిగా అబద్ధమని మనం అనడం లేదు. లీనియర్ యాక్సిలరేటర్ ఆపి ఉంటే కిరణాలు పుట్టవు, నడిపేటప్పుడు సిబ్బంది మందపాటి కాంక్రీటు గోడ అవతల ఉంటారు. రేడియోధార్మిక మూలాలతో పని అలా కాదు, అక్కడ జాగ్రత్త కావాలి. అందుకే పరిమితులు పెట్టారు. ఉద్యోగికి అయిదేళ్ళ సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు. గర్భవతి అని తెలిశాక మిగిలిన నెలల్లో పిండానికి 1 మిల్లీసీవర్టు. మామూలు పౌరులకు ఏడాదికి పెట్టిన పరిమితి కూడా ఆ ఒక్కటే. గర్భం సంగతి తెలియజేసినందుకు స్త్రీని పనినుంచి తప్పించకూడదని, పని పరిస్థితులనే మార్చాలని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ ప్రమాణాలు స్పష్టంగా చెబుతున్నాయి.

ఎక్స్‌రే గదిలో కదిలిపోతున్న రోగిని పట్టుకోమని ఆయమ్మను పిలిచినప్పుడు ఆమె గర్భం గురించి ఎవరూ బెంగపడరు. ఆమె ఛాతీ మీద బ్యాడ్జి ఉందా అని ఎవరు చూస్తారు? చదువుకున్న స్త్రీ జీతం ఎక్కువున్న ఉద్యోగానికి వచ్చినప్పుడే ఈ శ్రద్ధ పుట్టుకొస్తుంది.

మరో సంగతి. యంత్రాల తనిఖీ తరచు రోగులు వెళ్ళిపోయాకే కుదురుతుంది, పొద్దుపోతుంది. ఐటీ ఉద్యోగినికి రాత్రి క్యాబు అడగడం ఈ ప్రాంతంలో ఇప్పుడు మామూలు మాట. ఆ పక్క వీధి ఆసుపత్రిలో తొమ్మిదింటికి పని ముగించే ఫిజిసిస్టు సంగతి ఇంకా మన సంఘాల అజెండాలోకి రాలేదు.

ఆసుపత్రులను సంఘాలుగా అడగవలసినవి ఉన్నాయి. ఇంటర్న్‌కు స్టైపెండు ఎంత? గర్భవతికి పని మార్పిడి నియమం రాతపూర్వకంగా ఉందా? డోసు రికార్డు ఆమె చేతికి ఇస్తున్నారా? ఆయమ్మలకూ బ్యాడ్జీలు ఉన్నాయా? జవాబులు వచ్చినా రాకపోయినా మాకు రాయండి, వచ్చే సంచికలో వేస్తాం.