ఎగరలేని చిలుకను కాపాడాలా?

చిలుక అనగానే చెట్టుమీదినుంచి చెట్టుమీదికి రివ్వున ఎగిరే పక్షి మీ కళ్ళముందు మెదులుతుంది. కాని న్యూజీలాండులోని కాకపో అనే చిలుక ఎగరలేదు. చిలుకలన్నింటిలోకీ బరువైనది ఇదే. మగపక్షి రెండు కిలోలకు పైగా తూగుతుంది. రాత్రివేళల్లో నేలమీద నడుస్తూ ఆకులూ, పండ్లూ తిని బతుకుతుంది.

1995లో ఈ పక్షులు ప్రపంచం మొత్తంమీద 51 మాత్రమే మిగిలాయి. మీ తరగతిలో అంతకంటే ఎక్కువమందే ఉండవచ్చు!

"ఎగరటం చేతకాని పక్షి అంతరించటం ప్రకృతి ధర్మం. దానికోసం ఇంత డబ్బు, శ్రమ దేనికి?" అని కొందరు అడుగుతారు. ఈ వాదం ఎంతవరకు నిజమో చూద్దాం.

పూర్వం న్యూజీలాండు అడవుల్లో గబ్బిలాలు తప్ప పాలిచ్చి పెంచే జంతువులే లేవు. కాకపోకు శత్రువులు డేగలవంటి పక్షులే. అవి కంటితో వెదికి వేటాడతాయి. అపాయం తోచినపుడు కదలకుండా ఉండిపోతే చాలు, ఆకుపచ్చని ఈకలు కాకపోను దాచేవి. తరువాత మనుషులు వచ్చి దానిని వేటాడారు. వారితోపాటు ఎలుకలు, పిల్లులు వచ్చాయి. కుందేళ్ళను అదుపు చేయటానికని 1880 తరువాత, ముంగిసను పోలిన స్టోటు అనే జంతువును తెచ్చి వదిలారు. ఇవన్నీ వాసన పట్టి వేటాడేవే. వాటిముందు కదలకుండా నిలబడితే ఏమవుతుందో మీరే ఊహించండి. కనుక ఇది ప్రకృతి ఇచ్చిన తీర్పు కాదు, మనిషి చేసిన పని. సరిదిద్దవలసిన బాధ్యత కూడా మనిషిదే.

అయితే జాలి ఒక్కటే చాలదు. 1894లో రిచర్డ్ హెన్రీ అనే సంరక్షకుడు పక్షులను రెజల్యూషన్ దీవికి చేర్చటం మొదలుపెట్టాడు. కొన్నేళ్ళలో వందలాది పక్షులను తరలించాడు. కాని 1900 నాటికి స్టోట్లు సముద్రాన్ని ఈదుకుంటూ అక్కడికీ వచ్చాయి! దాదాపు నూరేళ్ళ తరువాత ఆడపక్షులకు అదనంగా ఆహారం పెట్టి చూశారు. బాగా బలిసిన తల్లులకు మగపిల్లలే ఎక్కువగా పుట్టాయి. శాస్త్రజ్ఞులు కారణం గ్రహించి, తల్లి బరువును బట్టి ఆహారం కొలిచి పెట్టసాగారు.

పిల్లులు, స్టోట్లు లేని దీవులకు పక్షులను చేర్చారు. ప్రతి పక్షికీ రేడియో పరికరం కట్టారు. గూళ్ళకు కాపలా కాశారు. రిము చెట్లు విరగకాసిన ఏడే కాకపోలు గుడ్లు పెడతాయి. అందుకు రెండు నుంచి నాలుగేళ్ళు వేచి ఉండాలి. ఇంత ఓర్పు ఫలించి 2022లో వాటి సంఖ్య 252కు పెరిగింది. అంతమాత్రాన గండం గడిచినట్లు కాదు. 2019లో ఒక బూజు జబ్బు తొమ్మిది పక్షులను పొట్టన పెట్టుకొంది.

ఈ ఖర్చు దండగ కాదు. కాని చేతులు కాలేదాకా ఆగటం మాత్రం తప్పే. పక్షులు వేలల్లో ఉన్నపుడు వాటి అడవిని కాపాడితే చాలు. పదుల్లోకి దిగాక ఒక్కొక్క గుడ్డుకూ కాపలా కాయవలసి వస్తుంది. ఏది తేలికో ఆలోచించండి.